లేని గడప

నా ఉద్యోగంలో మొదటి నియమం పేరు అడగడం. రోగి మణికట్టుకు పేరున్న పట్టీ కట్టి ఉన్నా, వారం రోజులుగా నేనే మందులిస్తున్నా సరే, సూది పట్టుకునే ముందు "మీ పేరు చెప్పండి" అనాలి. అతని పేరు అతని నోటితోనే వినాలి. వినకుండా ఒక్క చుక్క రక్తం తీసినా తప్పే. దుబాయ్ వచ్చిన కొత్తలో ఇది నాకు నవ్వులాటగా ఉండేది. మా ఊరి ఆసుపత్రిలో "మూడో మంచం", "కడుపునొప్పి తాతగారు" అంటే పని జరిగిపోయేది. ఇక్కడ మెల్లగా అలవాటైంది. ఇప్పుడు నన్ను నిద్రలో లేపినా ముందు పేరే అడుగుతానేమో.

నేను చేసిన రెండో పనిలో మొదటి నియమం పేరు అడగకూడదని. ఆ పని గురించి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి సిగ్గు కారణం కాదు, భయం. నేను పుట్టుపిరికిని. మా అమ్మ నన్ను బల్లి అరిస్తే బావి వెనక దాక్కునే పిల్ల అనేది. అలాంటిదాన్ని అంత భయపడుతూ కూడా ఆ పని ఎందుకు చేశానో నాకూ పూర్తిగా తెలియదు. తెలిసినంతవరకు చెబుతాను.

కరోనా మొదలైన ఏడు నాకూ అంటుకుంది. ఆసుపత్రి వాళ్లు ఒక హోటల్ గదిలో పెట్టారు. తలుపు బయట అన్నం డబ్బా పెట్టి, తట్టి, వెళ్లిపోయేవాళ్లు. మనిషి ముఖం కనిపించేది కాదు. అప్పుడు ఫోన్లో ఒక ఆట మొదలుపెట్టాను. ఒక కోట, చుట్టూ అడవి, నాలుగు ద్వారాలు, వాటి మీదికి వచ్చే రాక్షసులు. ఎవరి వేషం కావాలో మనమే ఎంచుకోవాలి. ఆటలో కూడా కత్తి పట్టే ధైర్యం లేక అడవిలో ఉండే వైద్యురాలిని ఎంచుకున్నాను. యుద్ధం జరిగేటప్పుడు చెట్టు చాటున నిలబడి దెబ్బతిన్నవాళ్లకు ఆకుపసరు రాయడం ఆమె పని. నాకు సరిగ్గా సరిపోయింది.

ఆ ఆటకు తెలుగు అభిమానుల గుంపు ఒకటి ఉంది. ఆటలో పాత్రలకు తెలుగు రాదు కాబట్టి వీళ్లే ఆ పాత్రలైపోయి, గొంతుతో తెలుగులో మాట్లాడుకుంటూ కథలు అల్లుకునేవాళ్లు. నేను ఒకరోజు వైద్యురాలిగా నాలుగు మాటలు మాట్లాడాను. చర్చిలో చిన్నప్పటి నుంచి పాడిన గొంతు నాది. తరువాత గుంపును నడిపే హైదరాబాద్ అమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, మీ గొంతుతో ఒక గంట మాట్లాడితే పైసలిస్తామంటున్నరు. చేస్తరా?" అంది.

అలా కూడా జరుగుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. ఆటలో తమకిష్టమైన పాత్రతో ఒక్కరే కూర్చుని మాట్లాడుకోవాలని కొందరికి ఉంటుంది. కొందరికి ప్రియురాలు కావాలి, కొందరికి తల్లి, కొందరికి పక్కన నిలబడి పోట్లాడే స్నేహితుడు. ఆ అమ్మాయి ఇద్దరినీ కలిపి, తన వాటా తాను తీసుకుంటుంది. ప్రేమ వేషాలు నావల్ల కాదని ముందే చెప్పేశాను. గాయపడి వచ్చినవాళ్లను మాత్రమే పంపమన్నాను.

డబ్బు కోసమేనా అంటే, డబ్బు ఎవరికీ చేదు కాదు. కానీ అసలు సంగతి వేరు. నేను కోలుకుని మళ్లీ డ్యూటీలో చేరేసరికి వార్డులో మనుషులు ఎలా పోతున్నారో చూశాను. ప్లాస్టిక్ తొడుగుల్లోంచి చెయ్యి పట్టుకున్నా అది చెయ్యి పట్టుకోవడం కాదు. మధ్యాహ్నం గదికి వచ్చి, హెడ్‌ఫోన్ పెట్టుకుని, అడవిలోకి వెళితే అక్కడ నా చేతిలో ఎవరూ చచ్చిపోరు. పసరు రాస్తే గాయం మానుతుంది. ఆ గంట కోసం నేను కాచుకుని కూర్చునేదాన్ని.

ఆ గుంపుకు ఒక ఆచారం ఉండేది. మాట మొదలుపెట్టే ముందు వచ్చినవాళ్లు "కుడికాలు పెడుతున్నాను" అనాలి. కొత్త కోడలు ఇంట్లోకి వచ్చినట్టన్నమాట. అక్కడి నుంచి లోపల ఉన్నట్టు. లోపల అసలు పేరు, ఊరు, ఉద్యోగం, ఇంటి గొడవ ఏదీ రాకూడదు. ముగించేటప్పుడు "గడప దాటుతున్నాను" అనాలి. ఆ మాట పడకుండా వేషం దించినవాళ్లను గుంపులోంచి తీసేస్తారు, ఆ ఇద్దరినీ మళ్లీ కలపరు. పిల్లలు పెట్టుకున్న నియమమే అయినా అందరూ పూజారుల్లా పాటించేవాళ్లు. కొందరైతే ఆ మాట అనేటప్పుడు గదిలో నిజంగానే కాలెత్తి అడుగు వేస్తామని చెప్పుకునేవాళ్లు. నేను నవ్వాను గానీ, తరువాత నేనూ వేశాను.

ఇక భయం సంగతి. ఇక్కడ ఒకరి వీసా మీద ఉండి, అనుమతి లేకుండా ఇంకో పని చేసి డబ్బు తీసుకోకూడదు. మా ఆసుపత్రిలోనే ఒక సిస్టర్ సెలవు రోజుల్లో ఇళ్లకు వెళ్లి ముసలివాళ్లకు ఇంజెక్షన్లు చేసేది. ఎవరో పైవాళ్లకు చెప్పారు. సోమవారం నాతో కలిసి టీ తాగిన మనిషి గురువారానికి విమానం ఎక్కేసింది. ఆమె అల్మారా మీద పేరు చీటీ గీకేస్తుంటే చూశాను. ముదీర్, అంటే మా మేనేజర్, ఒకే మాట అన్నాడు, ఖలాస్ అని. ఇంజెక్షన్ చేసినందుకే అంతయితే, ముక్కూ ముఖం తెలియని మగవాళ్లతో వేషాలు వేసి మాట్లాడి డబ్బు తీసుకునేదాన్ని ఏం చేస్తారు? నాకు ఈ ఉద్యోగం తప్ప వేరే ఆధారం లేదు. భర్త పోయాక నా కాళ్ల మీద నేను నిలబడింది దీని వల్లే. ఈ వీసా పోతే నేను పోయినట్టే.

దుబాయ్ కరామాలో ఒక గదిని చెక్కతో అడ్డం కట్టి చేసిన సగంలో నేనుండేదాన్ని. రెండో సగంలో కడప అమ్మాయి ఉండేది. ముస్లింల పిల్ల, బట్టల కొట్లో పని. ఆమెకు నేను ఫోన్లో ప్రార్థన కూటం నడుపుతున్నానని చెప్పాను. మా వాళ్లలో ఫోన్ ప్రార్థనలు మామూలే కాబట్టి నమ్మింది. ఒకసారి ఆమె ఇంట్లో ఉందని చూసుకోకుండా మాట్లాడేశాను. సాయంత్రం చపాతీ కాలుస్తూ అడిగింది.

"అక్కా, మీ ప్రార్థనలో ఆ సైనికుడు ఎవురక్కా? ఊరికే కట్టు కడతా ఉండావు ఆయనకి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి చెవి దగ్గరికి పోయింది. హెడ్‌ఫోన్ లేదక్కడ.

"బైబిల్లో కథమ్మా," అన్నాను.

"మంచి కథే. పాపం, నొప్పి తగ్గిందా ఆయనకి?"

"తగ్గుతోంది."

ఆ సైనికుడు నా దగ్గరికి వారం వారం వచ్చేవాడు. కోట ఉత్తర ద్వారం కాసే కాపలావాడి వేషం. గుంపులో మిగతావాళ్లంతా కుర్రాళ్లు, డైలాగులు దంచేవాళ్లు. ఇతను తక్కువ మాట్లాడేవాడు. గ్రాంథికం మాట్లాడాలని ప్రయత్నించి, మధ్యలో తెలంగాణ మాటలోకి జారి, మళ్లీ సర్దుకునేవాడు. "ద్వారమున రాత్రంతా నిలుచుంటిని, కాళ్లు గుంజుతున్నయి" అనేవాడు. నేను కట్టు విప్పి, గాయం కడిగి, కొత్త కట్టు కట్టేదాన్ని. మాటలతోనే. ప్రతిసారీ చివర "తిన్నావా, సైనికుడా?" అని అడగాలి. అది అడగకపోతే అతను గడప దాటేవాడు కాదు. ఒకసారి మరిచిపోతే, "వైద్యురాలా, ఒకటి మిగిలింది," అన్నాడు.

అతనంటే నాకు ఇష్టం. అది ప్రేమ అనుకోకండి. అలాగని ఏమీ కాదనీ అనను. వారంలో ఒక మనిషి నా గొంతు కోసం ఎదురుచూస్తున్నాడని తెలియడం ఒక బలం. వార్డులో నడిచేటప్పుడు ఆ బలం నా వెన్నులో ఉండేది.

మా బిల్డింగ్ వెనక ఇసుక మైదానంలో కార్లు నిలుపుతారు. అక్కడ ఎవరిదో పాత జీపు ఒకటి ఉండేది. దాని అలారం చెడిపోయి ఎండెక్కితే చాలు దానంతటదే అరుస్తుంది. ముందు సన్నగా, తరువాత లావుగా, చివర దగ్గు వచ్చినట్టు ఆగి మళ్లీ మొదలు. చుట్టూ ఉన్న బిల్డింగుల వాళ్లందరూ దాని యజమానిని తిట్టేవాళ్లు. ఒక మధ్యాహ్నం నేను సైనికుడికి కట్టు కడుతుండగా ఆ జీపు అరిచింది. కిటికీలోంచి ఒకసారి వినబడింది. రెప్పపాటు తరువాత హెడ్‌ఫోన్లోంచి మళ్లీ అదే. సన్నగా, లావుగా, దగ్గు.

నేను ఆగిపోయాను. అవతల అతనూ ఆగిపోయాడు. ఇద్దరం వింటున్నాం. ఇద్దరికీ అర్థమైందని ఇద్దరికీ తెలుసు.

"అడవిల ఏదో కూస్తున్నది," అన్నాడు చివరికి.

"నక్కలు," అన్నాను.

"మీ దిక్కు గూడ ఉన్నయా?"

"అడవంతా ఒకటే నక్కలు, సైనికుడా. కదలకు, కట్టు జారుతుంది."

ఆ రోజు కూడా తిన్నావా అని అడగడం మరిచిపోలేదు.

ఆ తరువాత నా బతుకు బతుకు కాలేదు. మైదానం చుట్టూ ఉన్న బిల్డింగులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాటిలో ఒకదాంట్లో అతనున్నాడు. మా బిల్డింగే కావచ్చు. లిఫ్టులో పక్కన నిలబడ్డవాడు కావచ్చు. బకాలాలో, అంటే కిరాణా కొట్లో, పాలు తీసుకుంటూ "యల్లా భయ్యా, జల్దీ" అన్నవాడు కావచ్చు. నన్ను గుర్తుపట్టడానికి అతనికి నా ముఖం అక్కర్లేదు, గొంతు చాలు. నేను బయట మాట్లాడటం మానేశాను. బకాలాలో వేలు చూపించి కొనేదాన్ని. లిఫ్టులో ఎవరైనా ఏ అంతస్తు అని అడిగితే వేళ్లెత్తి చూపేదాన్ని. కడప అమ్మాయి "గొంతు పోయిందా ఏందక్కా, మిరియాల కషాయం పెట్టిస్తా" అని నిజంగానే పెట్టి తెచ్చింది. తాగాను. భయానికి మిరియాలు పనిచేయవు గానీ చెమట పట్టింది.

అతను చెడ్డవాడని కాదు నా భయం. మంచివాడే ఒకరోజు ముచ్చటగా ఎవరితోనో అంటాడు, మా పక్క బిల్డింగులో ఫలానా సిస్టర్ అని. ఆ ఎవరో ఇంకెవరితోనో అంటారు. గోడకు చెవులుంటాయని మన సామెత. కరామాలో గోడలు చెక్కవి, చెవులు ఇంకా ఎక్కువ.

మానేద్దామని నిర్ణయించుకున్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. హైదరాబాద్ అమ్మాయికి చెప్పాను, ఇంక ఒక్కసారే అని. సైనికుడికి చెప్పకుండా మాయమవడం బాగుండదు. గాయం పూర్తిగా మానిందని చెప్పి, దీవించి, గడప దాటిద్దామనుకున్నాను.

ఆ మధ్యాహ్నం అతను కాస్త ఆలస్యంగా వచ్చాడు. "కుడికాలు పెడుతున్నా" అన్న మాట కూడా నీరసంగా వచ్చింది. నేను ఏదో మొదలుపెట్టబోతే తానే అందుకున్నాడు.

"వైద్యురాలా, కొత్త గాయం. బాణం ఎడమ భుజములో దిగినది. నొప్పి దవడ దాకా పాకుతున్నది."

మా గుంపులో గాయాన్ని ఎంత బాగా వర్ణిస్తే అంత పేరు. కుర్రాళ్లు పోటీలు పెట్టుకుని మరీ రక్తాలు కార్చేవాళ్లు. ఇన్నాళ్లూ కాళ్లు గుంజుతున్నయి అనడం తప్ప ఏమీ రాని సైనికుడు ఇవాళ ఎంత బాగా చెబుతున్నాడో అనుకున్నాను. చివరిసారి కదా, దేవుడు మంచి ఆట ఇచ్చాడనుకున్నాను.

"బాణం లాగుతున్నాను, పళ్లు బిగించు," అన్నాను. "ఇప్పుడెలా ఉంది?"

"రొమ్ము మీద గుర్రమును కట్టేసినట్టున్నది."

నేను నవ్వాను. ఆ నవ్వు నాకిప్పటికీ వినబడుతుంది. "మంచి గుర్రమేనా?" అని కూడా అన్నాను. పసరు నూరాను. తాగించాను. పడుకోమన్నాను. అతను కొంచెం సేపు ఊపిరి పీల్చుకున్నాడు. తరువాత, గ్రాంథికం ఏమీ లేకుండా, మామూలుగా, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు.

"ఏసీ పెట్టిన గని చెమటలు ఆగుతలేవు."

మా అడవిలో ఏసీ లేదు.

ఆ ఒక్క మాటతో అంతకుముందు అతనన్నవన్నీ వెనక్కి వచ్చి నా ముందు వరుసగా నిలబడ్డాయి. ఎడమ భుజం. దవడ. రొమ్ము మీద బరువు. చెమట. మొదటి సంవత్సరం నర్సింగ్ పిల్ల కూడా చెప్పగలదు. ఆట కాకుండా వార్డులో ఎవరైనా ఇవే మాటలు అనుంటే నేనీపాటికి పరుగెత్తి ఉండేదాన్ని.

మొదట నాకు కలిగింది జాలి కాదు. ఒళ్లంతా భయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇప్పుడు నేను గడప దాటుతున్నాను అని ఫోన్ పెట్టేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. అతని పేరు నాకు తెలియదు, నా పేరు అతనికి తెలియదు. పెట్టేయకపోతే నేనెవరో, ఎక్కడుంటానో, ఏం చేస్తానో అన్నీ బయటపడతాయి. సోమవారం టీ తాగిన సిస్టర్ గుర్తొచ్చింది. అల్మారా మీద గీకేసిన పేరు గుర్తొచ్చింది.

ముందు లోపలి నుంచే ప్రయత్నించాను.

"సైనికుడా, నక్కలు కూసే మైదానం నీ ద్వారానికి ఏ పక్క?"

"ఎదురుంగనే."

"ద్వారం కింద ఏముంది?"

"బట్టలు ఉతికేటాయన."

మైదానానికి అవతల లాండ్రీ ఉన్న బిల్డింగ్ ఒకటే. అందులో అంతస్తు కావాలి, గది నంబరు కావాలి. కోటకు గది నంబర్లుండవు.

"అన్నా," అన్నాను. నా అసలు గొంతుతో, మా గోదావరి యాసతో. "ఇది ఆట కాదండీ. నేను నర్సుని. మీకొచ్చింది గుండెనొప్పి. గది నంబరు చెప్పండి, అంబులెన్సు పంపుతాను."

అతని ఊపిరి మాత్రం వినబడుతోంది.

"అన్నా, వినబడుతోందా?"

"గడప మీరితే," అన్నాడు, మాట మాటకీ ఆగుతూ, "మీరు మళ్ల దొరకరు."

పిచ్చి మనిషి. నేను దొరికిపోతానని చస్తుంటే, దొరకనని అతని భయం. నాకు కోపం, ఏడుపు ఒకేసారి వచ్చాయి.

"మీరు బతికుంటేనే కదండీ దొరకడం. నేను మీ ఎదుటి బిల్డింగులోనే ఉంటాను. వస్తున్నాను. నంబరు చెప్పండి."

చెప్పాడు. తలుపు గడియ తీసి అక్కడే కూర్చోమన్నాను. కడప అమ్మాయి మంచం మీది ఫోన్ తీసుకుని అంబులెన్సుకు చెప్పాను, ఆ పూట ఆమె తన ఫోన్ మరిచిపోయి పనికి వెళ్లడం నా అదృష్టం. మందుల డబ్బా చంకలో పెట్టుకుని, మాస్కు తగిలించుకుని, చెప్పుల్లో ఒకటి ఊడిపోతే వదిలేసి ఆ ఇసుక మీద పరుగెత్తాను. ఇసుక కాలుతోంది. జీపు అరుస్తోంది.

కింద నాతూర్, అంటే ఆ బిల్డింగ్ వాచ్‌మన్, బెంగాలీ ఆయన, నన్ను చూసి లేచి వెంట వచ్చాడు. మూడో అంతస్తులో తలుపు సగం తెరిచి ఉంది. లోపల ఆరు మంచాలు, ఐదు ఖాళీ. తలుపు పక్కన గోడకు ఆనుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నేను కుర్రాడిని ఊహించుకున్నాను. ఇతనికి యాభై దాటి ఉంటాయి. భారీ మనిషి, నెరిసిన మీసం, బూడిద రంగు ముఖం, మూసిన కళ్లు. ఎవరో పిల్లాడి దగ్గర తీసుకున్నట్టున్న ఎర్ర హెడ్‌ఫోన్లు మెడలో వేలాడుతున్నాయి.

"అన్నా, ఈ మాత్ర నమలండి," అన్నాను.

నా మాట నా నోట్లోంచి ఒకసారి వచ్చింది. అతని మెడలో ఉన్న హెడ్‌ఫోన్లోంచి మళ్లీ వచ్చింది. నేను నా ఫోన్ కట్ చేయలేదు. నాతూర్ హెడ్‌ఫోన్ల వైపు చూశాడు, నా చేతిలో ఫోన్ వైపు చూశాడు. ఎక్కడ నొక్కాలో వెంటనే దొరకలేదు, చివరికి దొరికింది.

అతను మాత్ర నమిలాడు. కళ్లు తెరవలేదు. నేను అతని మణికట్టు పట్టుకున్నాను. ఇన్నాళ్లు మాటలతో పట్టుకున్న చెయ్యి. నాడి తప్పుతూ నడుస్తోంది. ఈసారి నిజంగా చచ్చిపోవచ్చు, నా చేతిలో. దేవుడా, వద్దు అనుకున్నాను. అంతే ప్రార్థన.

అంబులెన్సు వాళ్లు వచ్చారు. అందులో ఒకతను ఆక్సిజన్ మాస్కు పెడుతూ నన్ను అడిగాడు.

"పేషెంట్ నేమ్?"

ఎంతమంది పేర్లు అడిగాను నా జీవితంలో.

"తెలియదు," అన్నాను హిందీలో.

"మీకేమవుతాడు?"

"పక్క బిల్డింగ్."

"పక్క బిల్డింగ్ నుంచి మీకెలా తెలిసింది?"

నేను నాతూర్ వైపు చూడలేదు. చూస్తే ఏడ్చేసేదాన్ని. నాతూర్ ముందుకు వచ్చి, "నేనే పిలిచాను సార్, సిస్టర్ అని తెలిసి," అన్నాడు. అతనెందుకలా అన్నాడో ఈ రోజుకీ నాకు తెలియదు. అంబులెన్సు అతను రోగి జేబులోంచి కార్డు తీసి పేరు తనలో తాను చదువుకున్నాడు. స్ట్రెచర్ లిఫ్టులోకి వెళ్లిపోయింది. ఏ ఆసుపత్రికో అడగడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

ఆ తరువాత నెలలు ఎలా గడిచాయో చెప్పలేను. అతను బతకాలని మోకాళ్ల మీద ప్రార్థించాను. బతికితే మాట్లాడతాడు కదా అని అదే మోకాళ్ల మీద భయపడ్డాను. ఆసుపత్రి ఆఫీసు నుంచి ఒకసారి కబురు వస్తే, వెళ్లే ముందు నా అల్మారా ఖాళీ చేసి సంచిలో సర్దుకున్నాను. తీరా చూస్తే ఫోటో పాతదైంది, కొత్తది ఇమ్మని. ఇంటికి వచ్చి పడుకుంటే కడప అమ్మాయి ఏం జరిగిందని అడగకుండా నా కాళ్లు పిసికింది.

గడప మీరానని నేనే హైదరాబాద్ అమ్మాయికి చెప్పాను. ఎందుకో చెబితే అంతా విన్నది. "మంచి పని చేసినవక్కా," అంది. ఆ వెంటనే, "అయినా రూల్ అంటే రూలే కదా," అంది. ఇద్దరినీ గుంపులోంచి తీసేసింది. నాకు కోపం రాలేదు. నేనెలాగూ మానేద్దామనుకున్నదే కదా. కానీ మరుసటి వారం ఆ మధ్యాహ్నం వేళకు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నాను, ఏమీ వినబడకపోయినా.

లాండ్రీ బిల్డింగ్ ముందు నుంచి వెళ్లడం మానేశాను. నాతూర్‌ని అడిగితే ఒక్క ముక్కలో తెలిసేది. అడగలేదు. తెలియకపోతే రెండూ నిజం కావచ్చు కదా అనుకునేదాన్ని.

ఆ తరువాత నన్ను వార్డు నుంచి తీసి రక్తం తీసే గదిలో వేశారు. అక్కడ రోజంతా ఒకటే పని. పేరు అడగడం, పుట్టిన తేదీ అడగడం, రక్తం తీయడం. మాస్కులు పోయాయి. నా భయం కూడా కొంచెం పాతబడింది.

ఒక ఉదయం ఒకతను వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. చాలా తగ్గిపోయాడు, చొక్కా వదులైంది. మీసం మాత్రం అదే. నా చేతిలో ఉన్న ట్యూబు ట్రేలో పడి దొర్లింది. పక్క కుర్చీ దగ్గర మా మలయాళీ సిస్టర్ ఇంకెవరికో రక్తం తీస్తోంది. నేను మాట్లాడక తప్పదు. వేళ్లతో చూపిస్తే కుదరదు. మొదటి నియమం అది.

"మీ పేరు చెప్పండి," అన్నాను.

అతని చెయ్యి కుర్చీ మీద బిగుసుకుంది. తల ఎత్తాడు. చాలాసేపు చూశాడు, అంటే నాకు చాలాసేపు అనిపించింది. తరువాత తన పేరు చెప్పాడు. ఆ పేరు మొదటిసారి విన్నాను. తేదీ కూడా చెప్పాడు. నేను కంప్యూటర్లో సరిచూశాను, అక్షరాలు అలికినట్టు కనిపించాయి. అతను తన ఎడమ చెయ్యి చాచాడు.

అతను నన్నే చూస్తుండటం మలయాళీ సిస్టర్ గమనించింది. ఆమెకు అన్నీ కావాలి. నవ్వుతూ హిందీలో అడిగింది.

"ఏం బాబాయ్, మా సిస్టర్ తెలుసా మీకు?"

నా చేతిలో సూది ఉంది. అతని నరం మీద నా వేలు ఉంది. ఇన్నేళ్లు నేను భయపడింది ఈ ఒక్క క్షణానికే. దానికి తగ్గ చోటే చూసుకుని వచ్చి కూర్చుంది.

"లేదు సిస్టర్," అన్నాడు. "ఈమెను నేను ఎన్నడూ చూడలేదు."

అబద్ధం కాదు. ఆ రోజు అతను కళ్లు తెరవలేదు, నేను మాస్కు తీయలేదు. ఇక నాకు భయం లేదు. హాయిగా ఊపిరి పీల్చుకోవాలి. కానీ ఆ మాట నాకు ఎక్కడో గట్టిగా తగిలింది. గొంతు కూడా గుర్తులేదా అని అరవాలనిపించింది. కళ్లలో నీళ్లు వస్తే ట్రే వైపు తిరిగి తుడుచుకున్నాను. రక్తం తీశాను. దూది పెట్టి నొక్కి పట్టుకోమన్నాను. తిన్నారా అని అడగబోయి ఆగిపోయాను. ఖాళీ కడుపుతో తీసే పరీక్ష అది.

అతను లేచాడు. దూది నొక్కుకుంటూ తలుపు దాకా వెళ్లాడు. మా ఆసుపత్రిలో తలుపులకు గడపలుండవు. చక్రాల కుర్చీలు పోవాలి కాబట్టి నేలంతా చదునుగా ఒకే పలక. ఆ చదును నేల మీద అతను ఒక క్షణం ఆగి, కాలు బాగా పైకెత్తి, ఏదో దాటుతున్నట్టు అవతల పెట్టాడు. తరువాత రెండో కాలు కూడా అలాగే. వెనక్కి తిరిగి చూడలేదు.

మలయాళీ సిస్టర్ "పాపం, మోకాలి నొప్పేమో," అంది.

నేను ట్యూబు మీద అతని పేరు అంటించాను. వరుసలో ఉన్న తరువాతి మనిషి వచ్చి కూర్చున్నాడు.

"మీ పేరు చెప్పండి," అన్నాను.